నాన్నకి కామెర్లే అని చెప్పాం. ఇప్పుడాయన పత్యం చేస్తున్నారు

గోస్తని_గట్టు | సోమవారం, రాత్రి 11:52

ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోయేవాణ్ణి, రాయడం ఇదే మొదలు. పొడుగైతే ఏమనుకోకండి.

మా నాన్నకి 71. తణుకు దగ్గర పల్లెటూరు, వ్యవసాయం. రెండు నెలల కిందట కళ్లు పచ్చబడ్డాయి, ఒళ్లంతా దురద. కామెర్లనుకుని పదిహేను రోజులు పసరు తాగారు. తగ్గకపోయేసరికి అన్నయ్యా నేనూ విజయవాడ తీసుకెళ్లాం. స్కానింగులన్నీ అయ్యాక డాక్టరుగారు "పెద్దాయన్ని కాసేపు బయట కూర్చోబెట్టండి" అన్నారు. ఆ మాటకే నాకు కాళ్లు ఆడలేదు. క్లోమం (పాంక్రియాస్) తల దగ్గర క్యాన్సర్ గడ్డ, కాలేయానికి పాకేసింది. ఆపరేషన్‌కి లేదు. నెలలే అన్నారు, ఎన్నో చెప్పలేదు. పిత్తం దారికి స్టెంటు అనే చిన్న గొట్టం వేశారు. దాంతో పచ్చదనం దిగింది, దురద తగ్గింది.

బయటికొచ్చేసరికి నాన్న కుర్చీలో కూర్చుని ఉన్నారు, టోకెన్ చీటీ మడత పెడుతూ. "ఏమన్నాడ్రా?" అన్నారు. అన్నయ్య తడుముకోకుండా "కామెర్లే నాన్నా, ముదిరినియ్యంట. మందులు వాడితే తగ్గిపోద్ది" అన్నాడు. నేను తలూపాను.

ఆయన నమ్మారు. నమ్మారు కాబట్టి పత్యం పట్టారు. ఉప్పు లేదు, కారం లేదు, పులుపు లేదు. చప్పిడి అన్నం, పల్చటి మజ్జిగ. మొన్న శనివారం నేనొచ్చానని అమ్మ చేపల పులుసు పెట్టింది, మామిడికాయ వేసి. ఆయన అరుగు మీద గిన్నెలో చప్పిడి మెతుకులు కలుపుకుంటూ లోపల్నుంచి వచ్చే వాసన పీల్చి, "ఎంతలే, ఇంకో ముప్పై అయిదు రోజులు" అన్నారు. గోడకున్న క్యాలెండర్ మీద పెన్సిల్‌తో గీతలు కొడుతున్నారు, పత్యం రోజుల లెక్కకి. నా ముద్ద గొంతులోనే ఉండిపోయింది.

అన్నయ్య మాట ఒకటే: "చెబితే రేపే పోతాడు. ఉన్నన్నాళ్లు నిశ్చింతగా ఉండనీ." ఖమ్మంలో ఉన్న చెల్లికి తెలుసు. "నాన్న ఒంటి సంగతి నాన్నకి తెలీకుండా ఎలా దాస్తార్రా మీరు" అని ఫోన్లో ఏడుస్తోంది. అమ్మ అసలేమీ అడగదు. అడక్కపోవడం చూస్తే తెలిసిపోయిందేమో అనిపిస్తుంది.

ఇద్దరి మాటా న్యాయంగానే ఉంది. అదే నా బాధ. మీరైతే ఏం చేసేవాళ్లు?

వరంగల్_వదిన | సోమవారం, రాత్రి 12:20

తమ్మీ, మా బాపుకు గొంతుల క్యాన్సర్. మేం అల్సర్ అని చెప్పినం. రేడియేషన్ కరెంటు పెట్టియ్యనీకి హైదరాబాద్ తీస్కపోతుంటే ఆటో ఆయన "క్యాన్సర్ దవఖానకా పెద్దాయనా?" అని అడిగిండు. బాపు ఏం అనలే. తొవ్వంత బయటికే చూసుకుంట కూసున్నడు. గా దినం సంది మమ్మల్ని ఒక్క ముచ్చట అడగలే. మేం చెప్పలే, ఆయన అడగలే. నాలుగు నెలలు ఒక్కింట్ల ఉండి దాగుడుమూతలాడినం.

పోయినంక దిండు కింద దవఖాన కాయితం దొరికింది, నాలుగు మడతలు పెట్టి. పక్కింటి ఇంటర్ పిల్లగానితోని ఎప్పుడో చదివించుకున్నడట. మమ్మల్ని ఏడిపియ్యొద్దని మా ముంగట తెల్వనట్టు ఉన్నడు. మేం ఆయనను కాపాడుతున్నం అనుకున్నం. కాపాడింది ఆయన.

చెప్పున్రి. ఇంతకంటె నాకు రాయబుద్ది అయితలేదు.

అనంత_ఎండ | మంగళవారం, ఉదయం 6:10

వదినా, మీ మాట కాదనను. ఇంకో పక్క కూడా వినల్ల కదా. మా నాయనకి నేనే చెప్పినా. నిజం చెప్పల్ల, దాస్తే మోసం అని నాకు పెద్ద నమ్మకం అప్పుట్లో. పక్కన కూచోబెట్టుకుని, "నాయనా, ఇది నయమయ్యేది కాదంట" అన్న్యా. ఆయప్ప నా మొగం పక్కే చూసినాడు, తల ఆడించినాడు, పోయి పండుకున్న్యాడు. అంతే. ఆ పొద్దు నుంచి మంచం దిగల్యా. అప్పుడు చెనక్కాయ పూత మీద ఉండాది, చేనికి పోయొద్దాం రా నాయనా అంటే "యాల రా" అనె. పదకొండు వారాలు గోడ పక్కకి తిరిగి పండుకున్న్యాడు.

చెప్పకుంటే ఆ పదకొండు వారాలు చేనికి పోయుండు. నేను నిజం చెప్పినానన్న తృప్తి నాకు మిగిలె. ఆయనకేం మిగిలె?

ఫ్రిస్కో_సుబ్బు | మంగళవారం, ఉదయం 7:45

ఇక్కడ అమెరికాలో మనకి ఆ ఛాయిస్ ఉండదు. మా అత్తగారికి ఇక్కడే బయటపడింది. డాక్టరు నేరుగా ఆవిడకే చెప్పేసింది, అదీ ఫోన్ స్పీకర్లో ఇంటర్‌ప్రెటర్ తెలుగు చేస్తుంటే. ఆ ఇంటర్‌ప్రెటర్ మాత్రం "అమ్మా" అని మొదలెట్టి గొంతు తగ్గించాడు, పుణ్యాత్ముడు.

ఇక్కడి వాళ్లు మొదట్నుంచీ ఇలా లేరు. 1961లో అమెరికన్ డాక్టర్లని అడిగితే నూటికి 90 మంది క్యాన్సర్ అని రోగికి చెప్పకపోవడమే మేలన్నారు. అదే ప్రశ్న 1979లో మళ్లీ అడిగితే 97 శాతం చెప్పడమే మా పద్ధతి అన్నారు. పద్దెనిమిదేళ్లలో తలకిందులైంది. మందులు వచ్చాయి, కోర్టు కేసులు వచ్చాయి, రోగి హక్కు అనే మాట వచ్చింది. కాబట్టి "మన సంస్కృతి ఇది, వాళ్ల సంస్కృతి అది" అని ఎవరైనా తేల్చేస్తుంటే నాకు నవ్వొస్తుంది. నిన్నటిదాకా వాళ్లదీ మన సంస్కృతే.

అత్తగారు ఎలా తీసుకున్నారంటే, రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు లేచి "నా గాజులు పెద్దదానికి, గొలుసు చిన్నదానికి" అని మొదలెట్టారు. ఆ తర్వాత ఇంట్లో గొలుసు గొడవ ఆర్నెల్లు నడిచింది, అది వేరే కథ.

తర్కం_తలనొప్పి | మంగళవారం, ఉదయం 9:30

ఫిలాసఫీ ఎం.ఏ. చదివాను, ఉద్యోగం మాత్రం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో. కాబట్టి ఉచిత సలహా.

మీది మంచికీ చెడుకీ మధ్య తగువు అయితే ఇంత బాధ ఉండేది కాదు. ఇది రెండు మంచిల తగువు. కాంట్ అనే ఆయన 1797లో రాసిన వ్యాసంలో, స్నేహితుణ్ణి చంపడానికి వచ్చినవాడు తలుపు కొట్టి "వాడు లోపలున్నాడా?" అని అడిగినా అబద్ధం ఆడకూడదన్నాడు. అంత పట్టుదల మనవల్ల కాదు. 1930లో రాస్ అనే స్కాట్లండ్ ఆయన కొంచెం ఇంటిమనిషిలా మాట్లాడాడు. నిజం చెప్పడం, హాని చేయకపోవడం, మాట నిలబెట్టుకోవడం, చేసిన మేలుకి రుణం తీర్చుకోవడం, అన్నీ కర్తవ్యాలే. ఫలానాది ఎప్పుడూ పెద్దదని ముందే రాసి పెట్టి ఉండదు. ఏది ఎక్కడ బరువెక్కుతుందో అక్కడ నిలబడి చూసుకోవాల్సిందే. ఓడిపోయిన కర్తవ్యం మాయమైపోదు, బాకీగా మిగులుతుంది. అనంత_ఎండ అన్నకి మిగిలింది అదే, వరంగల్ వదినకి మిగిలిందీ అదే. ఏం చేసినా మీకూ మిగులుతుంది. బాధ ఉందంటే తప్పు చేసినట్టే అని మాత్రం అనుకోకండి.

వరంగల్_వదిన | మంగళవారం, ఉదయం 9:41

ఇంత చదివి కూడా "చూసుకోవాలె" అనే చెప్పినవు కదయ్యా.

తర్కం_తలనొప్పి | మంగళవారం, ఉదయం 9:44

అందుకే టెస్టింగ్‌లో ఉన్నానక్కా.

లెక్కల_మాస్టారు | మంగళవారం, మధ్యాహ్నం 2:15

ఇలాంటి చర్చల్లో ఎవరో ఒకరు "అశ్వత్థామ హతః" తెస్తారని ఎదురుచూశాను, రాలేదు. సంతోషం. అది అరిగిపోయింది, పైగా అక్కడ ధర్మరాజు చేసింది ధర్మసంకటాన్ని తీర్చుకోవడం కాదు, గొంతు తగ్గించడం.

కర్ణపర్వంలో ఇంతకన్నా మంచి ఘట్టం ఉంది. కర్ణుడి చేతిలో దెబ్బతిని శిబిరానికి వచ్చిన ధర్మరాజు కోపంలో అర్జునుణ్ణి తిట్టి "నీ గాండీవం ఇంకెవరికైనా ఇచ్చేయ్" అంటాడు. ఆ మాట ఎవరన్నా వాళ్ల తల నరుకుతానని అర్జునుడికి రహస్య వ్రతం. కత్తి దూస్తాడు. మాట తప్పితే వ్రతభంగం, నిలబెట్టుకుంటే అన్న తల. అప్పుడు కృష్ణుడు కౌశికుడి కథ చెబుతాడు. సత్యమే పలుకుతానని పంతం పట్టిన బ్రాహ్మణుడాయన. దొంగలు తరుముకొస్తుంటే ప్రాణభయంతో పొదల్లో దాక్కున్న జనం ఎటు వెళ్లారో నిజం చెప్పేస్తాడు, వాళ్లు చస్తారు, ఈయన నరకానికి పోతాడు. కాంట్ గారి తలుపు మనకి ఎప్పుడో కొట్టారన్నమాట.

అయితే నాకిష్టమైంది కౌశికుడు కాదు, ఆ తర్వాత వచ్చే ఉపాయం. కృష్ణుడు వ్రతం వదిలెయ్యమని అనడు, అన్నని నరకమనీ అనడు. పెద్దవాణ్ణి "నువ్వు" అని ఏకవచనంలో సంబోధిస్తే చంపినట్టే, అలా పిలువు అంటాడు. అర్జునుడు అన్నని నువ్వు నువ్వు అని తిడతాడు. తిట్టాక సిగ్గుతో తననే చంపుకోబోతాడు. దానికీ ఉపాయం ఉంది: నిన్ను నువ్వు పొగుడుకో, ఆత్మహత్యతో సమానం అంటాడు కృష్ణుడు. మా నాన్నగారు బతికున్నంత కాలం ఆయన్ని "మీరు" తప్ప అనలేదు నేను, కాబట్టి ఆ శిక్ష ఎంతటిదో నాకు అర్థమవుతుంది.

వ్రతం దేన్ని కాపాడటానికి పెట్టుకున్నాడో ఆ దాన్ని చూడమన్నాడు కృష్ణుడు. అర్జునుడిది గాండీవం గౌరవం. బాబూ, మీ అన్నగారి అబద్ధం దేన్ని కాపాడుతోంది? నాన్నగారి నిశ్చింతని. మరి ఉప్పులేని మెతుకులు తింటూ క్యాలెండర్ మీద గీతలు గీస్తున్న మనిషి నిశ్చింతగా ఉన్నాడా? అది చూడండి ముందు.

[ఈ సందేశం తొలగించబడింది] | మంగళవారం, మధ్యాహ్నం 3:02

అడ్మిన్ | మంగళవారం, మధ్యాహ్నం 3:10

"48 రోజుల్లో క్యాన్సర్ మాయం" ఆకు మందు, ఫోన్ నంబర్‌తో సహా పెట్టారు. తీసేశాం. మళ్లీ పెడితే ఐడీ కూడా పోతుంది.

ప్లీడరు_గుమాస్తా | మంగళవారం, సాయంత్రం 5:40

ముప్పై ఏళ్లు కోర్టు మెట్ల మీద గడిచాయి, అందుకే నాకు ముందు అనుమానం వస్తుంది. క్షమించాలి.

ఒకటి, చట్టం సంగతి. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమాల్లో డాక్టరు రోగి పరిస్థితిని ఎక్కువ చేసి చెప్పకూడదు, తక్కువ చేసి చెప్పకూడదు అని ఉంది. పరిస్థితి తెలియాల్సింది రోగికి, బంధువులకి లేదా బాధ్యతగల స్నేహితులకి అని రాశారు. ఆ "లేదా" పట్టుకునే డాక్టర్లు పెద్దాయన్ని బయట కూర్చోబెడతారు. కానీ వైద్యానికి ఒప్పుకోవడం విషయంలో అలా కుదరదు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు, తెలివితో ఉన్న పెద్దమనిషికి చేసే వైద్యానికి కన్నతల్లి సంతకం కూడా చెల్లదంది. రేపు మీ నాన్నగారికి కీమో అంటే సంతకం ఆయనది కావాలి. దేనికి సంతకం అని చెబుతారు, కామెర్లకా?

రెండు, ఇది అసలు ప్రశ్న. నాన్నగారు పూర్తి చెయ్యాల్సిన పని ఏదైనా మిగిలి ఉందా? అప్పు, ఆస్తి, ఎవరికైనా ఇచ్చిన మాట?

గోస్తని_గట్టు | మంగళవారం, రాత్రి 10:30

ఉంది. నిన్న రాయలేదు. ఎందుకు రాయలేదో ఇప్పుడే ఆలోచిస్తున్నా.

పొలం ఎప్పుడో అన్నయ్యకీ నాకూ చెరి సగం రిజిస్టర్ చేసేశారు. కాలవ పక్కన ఒక ఎకరం మాత్రం నాన్న పేరున ఉంది, ఆయన సొంతంగా కొన్నది. చెల్లి పెళ్లప్పుడు "పసుపు కుంకుమ కింద అది నీదే అమ్మా" అని పందిట్లోనే అందరి ముందు అన్నారు. కాగితం లేదు. రోడ్డు పడ్డాక రేటు పెరిగింది. రెండేళ్ల నుంచి అన్నయ్య దాంట్లో చెరువు తవ్వి రొయ్యలు వేస్తున్నాడు.

అన్నయ్య దాని కోసమే దాస్తున్నాడని నేను అనుకోవడం లేదు. హాస్పిటల్ బయట వాడి నోట్లోంచి ఆ అబద్ధం వచ్చినప్పుడు ఎకరం గుర్తుండే మొహం కాదు వాడిది. కానీ ఇప్పుడు గుర్తుందా లేదా అంటే నాకు తెలీదు. నాకే గుర్తుంది కదా.

ప్లీడరు_గుమాస్తా | మంగళవారం, రాత్రి 10:52

ఇదీ సంగతి. విల్లు లేకుండా పోతే ఆ ఎకరం మీ అమ్మగారికీ ముగ్గురు పిల్లలకీ సమానంగా వెళ్తుంది, తలా పాతిక సెంట్లు. కాగితం లేని పందిట్లో మాట కోర్టులో నిలబడటం కష్టం. చెల్లెలికి ఎకరం చేరాలంటే ఆయన స్పృహలో ఉండి రాయాలి. విల్లుకి ఇద్దరు సాక్షులుంటే చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే తర్వాత గొడవ తగ్గుతుంది.

ఇంకో రెండు నెలల్లో తగ్గిపోద్ది అనుకునే మనిషి విల్లెందుకు రాస్తాడు? దాచడం వల్ల చెల్లెలికి నష్టం, మీ ఇద్దరికీ లాభం. మనసులో ఆ ఉద్దేశం లేకపోయినా లెక్క అలాగే తేలుతుంది.

వరంగల్_వదిన | మంగళవారం, రాత్రి 11:05

అగో, గిప్పుడు తెలిసింది అన్న ప్రేమ!

అనంత_ఎండ | మంగళవారం, రాత్రి 11:20

అక్కా, అట్ల అనగాకండి. నేను చెప్పినప్పుడు నాకే ఆస్తీ లేదు మధ్యలో, అయినా తప్పే చేసినా. ఆస్తి ఉన్న్యంత మాత్రాన ఆయప్ప ఏడుపు దొంగ ఏడుపు అయిపోతాదా?

నైట్_డ్యూటీ | బుధవారం, తెల్లవారుజామున 3:35

పాలియేటివ్ వార్డులో, అంటే నయం కాని జబ్బుల్లో నొప్పీ బాధా తగ్గించే చోట, నర్సుని, పన్నెండేళ్లయింది. ఇప్పుడే అందరూ కాస్త నిద్రపోయారు, రాస్తున్నా.

రెండు రోజుల నుంచి "చెప్పాలా, వద్దా" అని ఇంతమంది వాదించుకుంటున్నారు. ఒక్కరూ పెద్దాయన్ని అడగమనలేదు. ఎంత తెలుసుకోవాలన్నది ఆయనిష్టం. కొందరు అంతా చెప్పమంటారు. కొందరు "నా కొడుక్కి చెప్పండి, నాకొద్దు" అంటారు, అదీ ఆయన నిర్ణయమే. అనంత_ఎండ గారూ, మీరు నిజం చెప్పడం తప్పు కాదు. అడక్కుండా, అంతా ఒకే కూర్చోవడంలో చెప్పేశారు, తర్వాత ఏం చెయ్యొచ్చో చెప్పేవాళ్లు పక్కన లేరు. మీ నాన్నగారు గోడవైపు తిరగడానికి నొప్పి కూడా కారణమేమో ఎవరైనా చూశారా? మా వార్డులో సగం "దిగులు" నొప్పి తగ్గితే తగ్గుతుంది.

మేం వాడే పద్ధతిలో ఆరు మెట్లుంటాయి. స్పైక్స్ అంటారు, 2000లో క్యాన్సర్ డాక్టర్లు రాసింది. చెప్పడం అందులో నాలుగో మెట్టు. దానికి ముందు కూర్చునే చోటు చూసుకోవాలి, ఆయనకి ఇప్పటికే ఏం తెలుసో అడగాలి, ఎంత తెలుసుకోవాలనుందో అడగాలి. మనవాళ్లు ఒకటి నుంచి నాలుక్కి దూకేస్తారు, లేదా అసలు మొదలే పెట్టరు.

గోస్తని_గట్టు గారూ, చుట్టాలు లేని వేళ చూసుకోండి. నిలబడి మాట్లాడొద్దు. "నాన్నా, నీ ఒంటి సంగతి నువ్వేమనుకుంటున్నావు?" అనండి. అని ఊరుకోండి. ఆ ఊరుకోవడమే కష్టం, మనకి నోరు ఆగదు. ఆయన ఏమన్నా విన్నాక, "డాక్టరు చెప్పిందంతా నీకు చెప్పమంటావా, మేం చూసుకోమంటావా?" అనండి.

పత్యం మాన్పించడానికి మాత్రం ఇదంతా అయ్యేదాకా ఆగొద్దు. పొద్దున్నే డాక్టరుకి ఫోన్ చేసి "అన్నీ తినొచ్చు పెద్దాయనా" అని ఆయన నోటితో చెప్పించండి. అందులో అబద్ధమేమీ లేదు. ఈ జబ్బులో నూనె సరిగా అరక్క విరేచనాలు అవుతాయి, దానికి ఎంజైము మాత్రలు ఉంటాయి, అడగండి.

ఇంకోటి. ముందు మీ అన్నయ్యతో మాట్లాడండి, ఆయన వెనకాల చెయ్యొద్దు. రాత్రిళ్లు నాన్నగారి పక్కన పడుకునేది ఎవరు?

గోస్తని_గట్టు | బుధవారం, ఉదయం 8:15

అన్నయ్యే. నేను హైదరాబాద్ నుంచి శనాదివారాలు వస్తాను.

నైట్_డ్యూటీ | బుధవారం, ఉదయం 8:20

అదే అడుగుదామని. చెప్పాక ఆ రాత్రి మేలుకుని ఉండాల్సింది ఆయనే.

లెక్కల_మాస్టారు | బుధవారం, ఉదయం 10:00

అమ్మా, నా కర్ణపర్వమంతా ఒక పక్క, మీ "ఊరుకోండి" ఒక పక్క. నమస్కారం.

ఫ్రిస్కో_సుబ్బు | బుధవారం, ఉదయం 10:25

మాకిక్కడ ఆ మూడో మెట్టు ఎవరూ ఎక్కలేదు. నేరుగా స్పీకర్ ఆన్ చేశారు. అత్తగారిని అడిగి ఉంటే "అల్లుడుగారికి చెప్పండి" అనేవారు, గ్యారంటీ.

గోస్తని_గట్టు | తర్వాతి సోమవారం, రాత్రి 9:40

అందరికీ చెప్పాల్సి ఉంది, ఆలస్యమైంది.

గురువారం రాత్రే బయల్దేరి వెళ్లాను. ముందు అన్నయ్యతో. చెరువు గట్టు మీద ఏరేటర్ల చప్పుడులో మాట్లాడుకున్నాం, ఇంట్లో కుదరదని. "అడుగుదాం అన్నయ్యా, చెప్పడం కాదు" అన్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "రాత్రి రెండింటికి లేచి వీపు రుద్దమంటాడ్రా. రుద్దుతుంటే ఎముకలు తగులుతున్నాయి. అప్పుడు నన్నేవన్నా అడుగుతాడేమోనని నాకు భయం. నువ్వు వారానికోసారి వచ్చి ధర్మం మాట్లాడతావు" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఎకరం మాట నేను ఎత్తలేదు. వాడే ఎత్తాడు: "చెల్లి కూడా నేను దానికోసమే అనుకుంటోంది కదా?" నేను కాదనలేకపోయాను. లేచి మేత గోనె భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు.

అయినా శనివారం పొద్దున్న వాడే వచ్చి అరుగు మీద నాన్న పక్కన కూర్చున్నాడు. "నువ్వు అడుగు, నా వల్ల కాదు" అన్నాడు నాకు.

అడిగాను. "నీ ఒంటి సంగతి నువ్వేమనుకుంటున్నావు నాన్నా?" నైట్_డ్యూటీ గారు చెప్పినట్టే ఊరుకున్నాను. ఊరుకోవడం అంత కష్టమని ఆవిడ చెప్పినా నమ్మలేదు. కాలవలో ఎవరో గేదెల్ని కడుగుతున్నారు, వాటినే చూస్తున్నారాయన. చాలాసేపటికి, "కామెర్లయితే కళ్లు తెల్లబడ్డాక ఆకలేస్తుంది. మా మేనమామకి అలాగే వేసింది. నాకు వెయ్యట్లేదు" అన్నారు.

"డాక్టరు చెప్పిందంతా నీకు చెప్పమంటావా?"

"మీ అన్నకి చెప్పారుగా. వాడికి తెలిస్తే చాలు. నాకు పేర్లు చెప్పకండి." తర్వాత అడిగింది ఒక్కటే. "ఈ పత్యం ఇంకా చెయ్యాలా?"

అక్కర్లేదన్నాను. నా మొహం చూశారు, అన్నయ్య మొహం చూశారు. ఇంకేమీ అడగలేదు. లోపలికెళ్లి క్యాలెండర్‌కి ఆ నెల కాగితం చింపేశారు. "మామిడికాయ ఉందా?" అని అమ్మని అడిగారు. నాలుగు ముద్దలు తిన్నారు పులుసుతో. అంతకన్నా పోలేదు. అయినా చెయ్యి నాకి, గిన్నెలో పులుసు రేపటికి ఉంచమన్నారు, మర్నాటికి బాగుంటుందని.

ఆ సాయంత్రం తనే దస్తావేజులు రాసే ఆయన్ని ఆదివారం రమ్మని కబురు పెట్టారు. ఎకరం చెల్లికి రాస్తారని మేం ముగ్గురం అనుకున్నాం, ప్లీడరు గారూ, మీరూ అనుకుని ఉంటారు. అమ్మకి రాశారు, విల్లు. "పందిట్లో మాటిచ్చిన సంగతి మర్చిపోలేదు. దానికి మొగుడున్నాడు, మీకు పొలముంది. నేను పోయాక మీ అమ్మ మీ ఇద్దరి గుమ్మాల్లో చెయ్యి చాపకూడదు. తర్వాత ఎవరికిస్తుందో దానిష్టం" అన్నారు. అన్నయ్య చెరువు కౌలు కూడా అమ్మకే కట్టాలని ఎకరానికి ఎంతో లెక్కేసి మరీ చెప్పారు. చెల్లి ఫోన్లో "సరే" అంది. ఆ సరే ఎలాంటిదో నాకింకా అర్థం కాలేదు. అన్నయ్య నాతో పొడిపొడిగా మాట్లాడుతున్నాడు.

తర్కం_తలనొప్పి | సోమవారం, రాత్రి 10:02

ఆయన దగ్గర ఇంకో కర్తవ్యం ఉంది, మన లిస్టులో ఎవరం రాయలేదు.

అనంత_ఎండ | సోమవారం, రాత్రి 10:15

"నాకు పేర్లు చెప్పకండి." ఈ మాట మా నాయన కూడా అనుంటాడేమో. నేను అడగల్యా.

వరంగల్_వదిన | సోమవారం, రాత్రి 10:21

అన్న మీద అన్న మాట వాపస్ తీసుకుంటున్న తమ్మీ. వీపు రుద్దేటోనికి చెప్పు.

నైట్_డ్యూటీ | సోమవారం, రాత్రి 11:30

రాత్రి రెండింటికి వీపు రుద్దమంటున్నారంటే అది నొప్పి. క్లోమం నొప్పి వీపులోకే పాకుతుంది. రుద్దితే తగ్గేది కాదు. డాక్టరుకి ఆ మాట చెప్పారా? మార్ఫిన్ మాత్రలు రాస్తే భయపడకండి, అలవాటవుతుందని ఊళ్లో ఎవరైనా అంటే వినకండి. రాయనంటే హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది, మీరు ఉండేది అక్కడే కదా, ఫైలు పట్టుకుని వెళ్లి అడగండి.

గోస్తని_గట్టు | సోమవారం, రాత్రి 11:48

రాశారు. ఇవాళే మొదలెట్టాం. అన్నయ్య గంటలు రాసుకుంటున్నాడు, క్యాలెండర్ మీదే, అదే పెన్సిల్‌తో.

నైట్_డ్యూటీ | సోమవారం, రాత్రి 11:50

మలబద్ధకం రాకుండా విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా రాశారా? మార్ఫిన్‌తో అది తప్పకుండా ఉండాలి, మొదటి రోజు నుంచే.

గోస్తని_గట్టు | సోమవారం, రాత్రి 11:53

లేదు. పొద్దున్నే అడుగుతాను.